ఆధారం దాచడానికి డబ్బెందుకు?

జిల్లా పేజీ అడుగున తరచూ కనిపించే నాలుగు లైన్ల వార్త ఒకటుంటుంది. ఫలానా స్టేషన్ దగ్గర రైలు పట్టాల పక్కన గుర్తు తెలియని వ్యక్తి మృతదేహం. వయసు నలభై, నలభై ఐదు ఉండొచ్చు. నీలం గళ్ల చొక్కా, నల్ల ప్యాంటు. కుడి చేతి మీద పచ్చబొట్టు. ఆచూకీ తెలిసినవాళ్లు రైల్వే పోలీసులకు తెలపాలి. కాఫీ తాగుతూ ఆ నాలుగు లైన్లూ చూసి పేజీ తిప్పేస్తాం. ఆ మనిషి ఎవరు, అక్కడికెలా వచ్చాడు, ఏ ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారు అన్న ప్రశ్న తట్టదు. తట్టినా నిలవదు.

ఆ ప్రశ్న దగ్గర ఆగి, దాని చుట్టూ కథ అల్లుకున్న సినిమా ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’. 2019 జూన్ 21న వచ్చింది. దర్శకుడు స్వరూప్ ఆర్‌ఎస్‌జేకి అదే తొలి చిత్రం. నవీన్ పోలిశెట్టి తెలుగులో కథానాయకుడిగా నిలబడింది కూడా దానితోనే. స్క్రీన్‌ప్లే రాయడంలోనూ అతని చేయి ఉంది. పెద్ద స్టారు లేడు, విదేశాల్లో పాటలు లేవు, కార్లు గాల్లోకి లేవవు. చాలామంది దాన్ని చూసింది ముందుగా చూసినవాళ్లు చెప్పిన మాట మీదే. నాకు ఆ సినిమా అంటే ఇష్టం. ఇష్టం కాబట్టే అందులో బాగున్నదేమిటో, ఎక్కడ తడబడిందో రెండూ మాట్లాడుకోవాలనిపిస్తుంది. ఎందుకంటే చిన్న బడ్జెట్‌లో తీసే ప్రతి హత్యా పరిశోధన చిత్రానికీ ఆ రెండూ పనికొస్తాయి.

ఆత్రేయ ఉండేది నెల్లూరు. అక్కడ ఎఫ్‌బీఐ అని బోర్డు పెట్టుకున్నాడు. అంటే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. వచ్చేవి చిన్నాచితకా కేసులు. శిక్షణ కోసం చేరిన స్నేహ అనే అమ్మాయి ఒక్కతే సిబ్బంది. నెల్లూరును ఎంచుకోవడంలోనే సగం తెలివి ఉంది. విజయవాడ నుంచి గూడూరు మీదుగా చెన్నై వెళ్లే ప్రధాన రైలు మార్గం ఆ ఊరి మధ్య నుంచే పోతుంది. ఉత్తరాది నుంచి చెన్నై వెళ్లే బండ్లలో చాలా భాగం ఆ దారినే వెళ్లాలి. పట్టాల పక్కన ఒక శవం దొరికిందంటే అది ఏ ఊరిదైనా కావచ్చు, ఏ రాష్ట్రందైనా కావచ్చు. కథకు కావలసిన అనుమానమంతా ఆ ఊరి భూగోళంలోనే ఉంది. దానికోసం సెట్టు వేయనక్కర్లేదు.

రెండో తెలివి, పోలీసు హీరోని కాకుండా ప్రైవేటు డిటెక్టివ్‌ని పెట్టుకోవడం. మన దేశంలో ప్రైవేటు డిటెక్టివ్‌కి ప్రత్యేకమైన చట్టమంటూ లేదు. ఆ సంస్థల నియంత్రణ కోసం 2007లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. కాబట్టి ఆత్రేయలాంటివాడికి ఎవరినీ అరెస్టు చేసే హక్కు లేదు. పోస్టుమార్టం నివేదిక అడిగే వీలు లేదు. ఫోన్ వివరాలు తెప్పించుకునే దారి లేదు. శవం దగ్గర కెమెరాతో నిలబడితే ముందు అతన్నే లోపల వేస్తారు. సినిమాలో జరిగేదీ అదే. విలేఖరి మిత్రుడు చెప్పిన కబురు పట్టుకుని పట్టాల దగ్గరికి వెళ్లినవాడు అనుమానితుడై లాకప్పులో కూర్చుంటాడు. కూతుర్ని పోగొట్టుకున్నానని చెప్పే మారుతీరావు అనే పెద్దాయన అక్కడే తారసపడతాడు. అసలు కేసు ఆత్రేయకు దొరికేది ఆ కటకటాల వెనక.

అధికారం లేనివాడు నిజం తెలుసుకోవాలంటే మాటకారితనం కావాలి, వేషం కావాలి, చూపు కావాలి. ఇవన్నీ నటుడి ఒంట్లోనూ రచయిత బుర్రలోనూ ఉండేవి. ల్యాబులూ కంప్యూటర్ తెరలూ చూపించాలంటే నిర్మాత చేతి చమురు వదలాలి. ఎదుటివాడి చొక్కా జేబు చూసి ఏదో గ్రహించి, అది నిజమో కాదో తేల్చుకోవడానికి అడ్డగోలుగా ఒక ప్రశ్న వేసే మనిషిని చూపించడానికి మంచి నటుడు, రెండు రోజుల రిహార్సల్ చాలు. నవీన్ పోలిశెట్టి ఆ పని ఎంత బాగా చేశాడంటే, అతను తప్పు ఊహించినప్పుడు కూడా మనం అతనితోనే ఉంటాం. తప్పు ఊహించే డిటెక్టివ్ మీద ప్రేక్షకుడికి ప్రేమ పుడుతుంది. ఎప్పుడూ తప్పనివాడి మీద గౌరవం పుడుతుందేమో గానీ, వాడికేమైనా అవుతుందన్న బెంగ మాత్రం పుట్టదు.

ఇలాంటి పరిశోధకుడు మనకు కొత్తవాడు కాదు. అద్దె పుస్తకాల కొట్ల మీద పెరిగిన తరానికి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు ఇంట్లోవాళ్ల కింద లెక్క. చవక కాగితం మీద అచ్చయిన ఆ నవలలు అరిగి, అట్టలు ఊడి, మొదటి పేజీలు పోయినా చేతులు మారుతూనే ఉండేవి. చివరి పేజీలు పోతే మాత్రం ప్రాణం పోయేది. వెండితెర మీద 1985లో వంశీ ‘అన్వేషణ’ తీశారు. పులి చంపిందని జనం నమ్మే చావుల వెనక మనిషి చేయి వెతికిన కథ. ఆ మరుసటి ఏడు మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల ‘చంటబ్బాయ్’ తీస్తే చిరంజీవి డిటెక్టివ్‌గా నవ్వించారు. ఆత్రేయలో ఈ రెండు పాయలూ కలిశాయి. ఫస్టాఫ్‌లో చంటబ్బాయ్ బంధువులా కనిపిస్తాడు. సెకండాఫ్‌లో అన్వేషణ చీకట్లోకి నడుస్తాడు.

హత్యా పరిశోధన కథకు ఒక మర్యాద ఉంది. ఆధారం ప్రేక్షకుడి కళ్లెదుటే పెట్టాలి, పెట్టి కూడా అతను గమనించకుండా చూడాలి. ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అనే మతాచార్యుడు, తానూ డిటెక్టివ్ నవలలు రాసినవాడు, 1929లో ఇలాంటి కథలకు పది నియమాలు రాసిపెట్టాడు. నేరస్థుడు కథ మొదటి భాగంలోనే కనబడాలన్నది అందులో మొదటిది. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారాన్ని పాఠకుడి దగ్గర దాచకూడదన్నది ఇంకొకటి. దాదాపు వందేళ్లయినా ఆ రెండింటినీ ఎవరూ కొట్టిపారేయలేకపోయారు. కారణం సులభమే. మోసపోయామనుకున్న ప్రేక్షకుడు కోపంతో లేస్తాడు, ఓడిపోయామనుకున్న ప్రేక్షకుడు చప్పట్లు కొట్టి మళ్లీ టికెట్ కొంటాడు.

ఆత్రేయ సినిమాలో ఈ మర్యాద నిలబెట్టిన చోటు ఒకటి చెబుతాను, ముడి మాత్రం విప్పను. తల్లి పోయిందని తెలిసి కొడుకు ఊరికి పరుగెత్తుతాడు. చేరేసరికి ఆలస్యమైపోయింది, చివరి చూపు దక్కలేదు. సినిమా మొదలయ్యేది దాంతోనే. మనం దాన్ని హీరో బాధ కింద జమ కట్టుకుంటాం. తల్లి లేని కొడుకు, పాపం, అనుకుని ఆ తర్వాతి నవ్వుల్లో పడిపోతాం. ఆ దృశ్యం అక్కడ ఎందుకుందో అర్థమయ్యేసరికి రెండు గంటలు గడుస్తాయి. ఏడుపు సీనును ఎవరూ భూతద్దంతో చూడరు. అందుకే ఆధారం దాచడానికి అంతకన్నా భద్రమైన చోటు లేదు. ఆ ఒక్క ఆలోచనకు ఎంత ఖర్చయి ఉంటుంది? కాగితం, కలం, బహుశా చాలా రాత్రుల నిద్ర.

దీనికి మూడేళ్ల ముందు, 2016 ఫిబ్రవరిలో వచ్చిన ‘క్షణం’ ఇదే పాఠం ఇంకోలా చెప్పింది. రవికాంత్ పేరేపు దర్శకుడు, అడివి శేష్ కథానాయకుడు. పాప తప్పిపోయిందని ఒక తల్లి అంటుంది. ఆమెకు అసలు పాపే లేదని మిగతా అందరూ అంటారు. ఆమె కోసం అమెరికా నుంచి వచ్చినవాడు ఎవరి మాట నమ్మాలి? ఒక్క ప్రశ్న రెండు గంటలు మనల్ని కుర్చీకి కట్టేస్తుంది. తర్వాత ఆ కథే హిందీలో ‘బాఘీ 2’ పేరుతో భారీ యాక్షన్ హంగులతో వచ్చింది. హంగు పెరిగినా కథను నడిపించింది మళ్లీ ఆ ప్రశ్నే. హైదరాబాదులో తక్కువ డబ్బుతో పుట్టిన సందేహం అంత బరువు మోసింది.

ఇక తడబడిన చోట్ల సంగతి. ఆత్రేయలో నేరం ఒక మనిషి కోపంతో చేసింది కాదు, ఒక పద్ధతి ప్రకారం సాగేది. అది సినిమా ఎంచుకున్న విషయానికి గౌరవం తెచ్చింది. చావు చుట్టూ ఉన్న మన నమ్మకాలను వ్యాపారం చేసుకునేవాళ్ల గురించి అంత సూటిగా మాట్లాడిన తెలుగు సినిమాలు తక్కువ. కానీ పద్ధతికి ముఖం ఉండదు. చివర్లో దొరికినవాడిని చూసినప్పుడు, ఇంతసేపూ మనల్ని వణికించింది వీడా అన్న అనుభూతి కలగదు. మనకు ముందునుంచీ పరిచయమైనవాడు, మనతో కలిసి టీ తాగినవాడు హంతకుడని తేలితే వెన్నులో పుట్టే చలి వేరు. నాక్స్ మొదటి నియమం అందుకోసమే.

రెండోది వివరణ. క్లైమాక్స్‌కు వచ్చేసరికి ఎవరు ఎవరిని ఎందుకు చంపారు, వేలిముద్రలు ఎక్కడివి, శవాలు ఎక్కడినుంచి వచ్చాయి అన్నదంతా మాటల్లో వరసగా వచ్చి పడుతుంది. పేర్లు ఎక్కువ, సమయం తక్కువ. ఒక్క పేరు చెవిన పడకపోతే పక్క సీటువాడిని అడగాల్సిందే. ఇది ఈ ఒక్క సినిమా జబ్బు కాదు. మన థ్రిల్లర్లలో చాలావాటికి చివరి ఇరవై నిమిషాలు పాఠం చెప్పినట్టే ఉంటాయి. డబ్బు లేక దృశ్యంగా తీయలేకపోయాం అని దర్శకులు అంటుంటారు. నేను ఒప్పుకోను. దృశ్యంగా చూపడమంటే వందమంది జూనియర్ ఆర్టిస్టులను దింపడం కాదు. చెప్పాల్సిన పది సంగతుల్లో ఆరింటిని ముందే, వేరే పనిలో ఉన్నట్టుగా, ప్రేక్షకుడి చెవిలో వేసి ఉంచడం. అప్పుడు చివర్లో చెప్పాల్సినవి నాలుగే మిగులుతాయి.

మూడోది అసిస్టెంటు. యుగంధర్‌కి రాజు, షెర్లాక్ హోమ్స్‌కి వాట్సన్ ఊరికే లేరు. పాఠకుడు అడగాలనుకున్న ప్రశ్న వాళ్లు అడుగుతారు, పాఠకుడిలాగే తప్పుగా ఊహిస్తారు, ఒక్కోసారి గురువుకు కనబడనిది వాళ్లకు కనబడుతుంది. శ్రుతి శర్మ వేసిన స్నేహ పాత్ర బాగా మొదలై, కథ బరువెక్కే కొద్దీ పక్కకు తప్పుకుంటుంది. ఆమెకు తనదంటూ ఒక్క ఆధారం కనిపెట్టే అవకాశం ఇచ్చి ఉంటే, ఆత్రేయ ఒక్కడే మోసిన సెకండాఫ్ తేలికపడేది. అదీ రాతలో తీరే లోటే.

‘క్షణం’కీ ఇలాంటి చిక్కే ఉంది. పాప ఉందా లేదా అని మనం ఊపిరి బిగబట్టి కూర్చుంటే, మధ్యలో పాత ప్రేమ ఫ్లాష్‌బ్యాక్ పాటతో సహా వచ్చి ఆ బిగువును సడలిస్తుంది. ఆ ప్రేమ కథకు అవసరమే. అంత నిడివి అవసరం కాదు.

చూడండి, ఈ లోపాల్లో ఒక్కదానికీ డబ్బుతో సంబంధం లేదు. కెమెరా చవకది, లైట్లు తక్కువ, పోలీస్ స్టేషన్ అద్దె ఇంట్లో పెట్టారు, జనం పలచగా ఉన్నారు అని ఏ ప్రేక్షకుడూ హత్యా పరిశోధన చిత్రాన్ని తిట్టుకోడు. ముడి ఆసక్తిగా ఉంటే ఆ లోట్లు కంటికి ఆనవు. అతన్ని నొప్పించేది ఆధారం దాచిపెట్టి చివర్లో బయటికి తీయడం, హంతకుడు హఠాత్తుగా ఊడిపడటం, రీరికార్డింగ్‌తో భయం పుట్టించాలని చూడటం. బలం ఎక్కడినుంచి వచ్చిందో బలహీనతా అక్కడినుంచే వచ్చింది. రెండూ రాత బల్ల మీదివే.

అందుకే మొదటి సినిమాగా థ్రిల్లర్ తీయాలనుకునే కుర్రాళ్లకు ఒక మాట. చేతిలో డబ్బు తక్కువుందని దిగులుపడకండి, కాల్‌షీట్లకు తొందరపడకండి. స్క్రిప్టు పూర్తయ్యాక చివరి ఇరవై పేజీలు తీసి పక్కన పెట్టి, మిగతాది మీ కథ తెలియని నలుగురికి చదవనివ్వండి. హంతకుడెవరని అడగండి. నలుగురూ సరిగ్గా చెప్పేస్తే మళ్లీ రాయండి. అసలు విషయం చెప్పాక ‘ఇది మాకెలా తెలుస్తుంది’ అని నలుగురూ విసుక్కున్నా మళ్లీ రాయండి. ‘అరె, అక్కడే ఉంది కదా’ అని ఒక్కరు వెనక్కి పేజీలు తిప్పినా సరే, షెడ్యూలు వేసుకోండి.

ప్రేక్షకులుగా మనం చేయాల్సిందీ ఉంది. ఇలాంటి సినిమాలకు పోస్టర్ల బలం లేదు, మన నోరే వాటి ప్రచారం. బాగుంటే వెంటనే నలుగురికి చెప్పండి, బాగోకపోతే ఎక్కడ బాగోలేదో చెప్పండి. హంతకుడి పేరు మాత్రం ఎవరికీ చెప్పకండి.