మనోడంటే ఎవడు?

"మనోడు" అనే మాట మనం భలే తేలిగ్గా వాడేస్తాం. 2022 దీపావళినాడు రిషి సునాక్ బ్రిటన్ ప్రధాని కాబోతున్నాడని తేలగానే మన హాస్టల్ గ్రూపులన్నీ "మనోడు కొట్టాడు" అని మోగిపోయాయి. రెండొందల ఏళ్ల బాకీ తీరిందన్నారు కొందరు. ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారి అల్లుడు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం చదివే మనకి ఇంకాస్త చుట్టరికం!

సునాక్ పుట్టింది సౌతాంప్టన్‌లో. 2023 మేలో ఆయన ప్రభుత్వమే కొత్త నిబంధన ప్రకటించింది. 2024 జనవరి నుంచి మొదలయ్యే మామూలు మాస్టర్స్ కోర్సులకి వచ్చే విదేశీ విద్యార్థులు భర్తనో భార్యనో పిల్లల్నో వెంట తెచ్చుకోకూడదు. అప్పటి హోం మంత్రి సుయెల్లా బ్రేవర్మన్‌వీ భారతీయ మూలాలే. అవే గ్రూపుల్లో ఈసారి "మనోడై ఉండి ఇంత ద్రోహమా" అన్నారు. ద్రోహం ఎక్కడుంది? ఆయనకి ఓటేసింది యార్క్‌షైర్ జనం గానీ యనమలకుదురు జనం కాదుగా!

మా తాతయ్యది ఉయ్యూరు దగ్గర పల్లె. ఆయన లెక్కలో కాటన్ దొర మనోడే. 1833 ప్రాంతంలో గుంటూరు సీమ కరువులో లక్షకు పైగా జనం పోయారు. కాటన్ పట్టుబట్టిన ఆనకట్టని కెప్టెన్ ఓర్ బెజవాడలో 1855 నాటికి కట్టాడు. "ఊరికే కట్టలేదు తాతయ్యా, నీటికి పన్ను వసూలు చేసుకున్నారు" అంటాను నేను. "చేసుకున్నార్రా. నీళ్లు కూడా వచ్చినయ్" అంటాడాయన. రెండూ నిజమే.

అదే బెజవాడలో 1921లో ఏఐసీసీ సమావేశం జరిగింది. పింగళి వెంకయ్య గాంధీగారికి జెండా నమూనా చూపించింది అప్పుడే. ఆనకట్ట నీళ్లు తాగుతూనే దొరల్ని వెళ్లిపొమ్మన్న ఊరు మనది. ఊరి మధ్య నుంచి పారే రైవస్ కాలువది ఓ ఇంగ్లీషువాడి పేరని ఇప్పుడు ఎవరికీ గుర్తు కూడా రాదు.

ఇప్పుడు "మనోడెవడు" అన్న తగువు బ్రిటన్‌లోనే నడుస్తోంది. మనకి రాష్ట్రం విడిపోయిన 2014లోనే స్కాట్లండ్ విడిపోవాలా వద్దా అని ఓటేసి, ఉండిపోదామంది. 2016లో బ్రెగ్జిట్‌కి బ్రిటన్ మొత్తంలో 52 శాతం అవునంటే, స్కాట్లండ్‌లో 62 శాతం కాదన్నారు. 2025లో ఓ పాడ్‌కాస్ట్‌లో సునాక్ ఇంగ్లీషువాడు కాడన్న మాట వచ్చింది. తాను ఇంగ్లీషువాడినేనని ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. నన్ను ఆలోచనలో పడేసింది ఇదే. రంగునీ పేరునీ చూసి అక్కడివాళ్లు కొందరు "నువ్వు మావాడివి కాదు" అన్నారు. అదే రంగునీ పేరునీ చూసి మనం "నువ్వు మావాడివే" అన్నాం. రెండిటికీ కొలబద్ద ఒక్కటే!

మా పిన్ని కొడుకు బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. ఎనిమిదేళ్లు. సంక్రాంతికి వచ్చినప్పుడు "నువ్వు మా వాడివా, దొరల వాడివా?" అని తాతయ్య ఆటపట్టించాడు. వాడు తింటున్న అరిసె పక్కన పెట్టి వాళ్లమ్మ వైపు చూశాడు. తాతయ్యది సరదానే. రేపు వాణ్ణి అక్కడి బడిలో ఎవరైనా ఇదే ప్రశ్న సరదాకి కాకుండా అడిగితే మాత్రం వాడికి గట్టి జవాబు ఉండాలని నా కోరిక. వాడు ఏ జవాబు చెప్పినా మనం నొచ్చుకోకూడదు.

మనలో చాలామంది యూకే అప్లికేషన్లు పెడుతున్నారు కాబట్టి ఒక సంగతి. ఇండియా కామన్‌వెల్త్‌లో ఉంది కనక వీసా మీద అక్కడ ఉంటున్న మనకి కూడా వాళ్ల పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉంటుంది. పేరు నమోదు చేయించుకుంటే చాలు. ఆ రోజు వస్తే బ్యాలెట్ మీద మన పేరులాంటి పేరు ఎక్కడుందా అని వెతక్కండి. ఆ ఊళ్లో అద్దెల గురించి, ఆసుపత్రుల గురించి, వలస వచ్చినవాళ్ల గురించి ఎవరేమంటున్నారో చదివి వేయండి.