వంద యెన్ల జోస్యం

టోక్యో వెళ్లినవాళ్లు అసకుసాలోని సెన్సోజీ గుడి ముందు ఒక్క ఫొటో అయినా దిగుతారు. ఆ ఆదివారం నేను వెళ్లింది మాత్రం ఫొటో కోసం కాదు. ఆన్‌సైట్ ఇంకో రెండేళ్లు పొడిగించుకుంటావా, ఇండియా వెళ్లిపోతావా అని మేనేజర్ అడిగాడు. సోమవారంలోపు చెప్పాలి. అక్కడ హన్మకొండలో అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట: "నేను మంచిగనే ఉన్న బిడ్డా, నువ్వు నీ పని చూస్కో."

రూంలో కూర్చుంటే బుర్ర పనిచేయలేదు. రైలెక్కేశాను.

పెద్ద ఎర్ర లాంతరు వేలాడే కామినారిమోన్ గేటు దాటగానే నకమిసే అనే అంగళ్ల వీధి. సుమారు 250 మీటర్లు ఉంటుంది. విసనకర్రలు, బియ్యప్పిండి అప్పాలు, సెల్ఫీ స్టిక్కులు దాటుకుంటూ వెళ్తే చివర్లో గుడి. 628లో సుమిదా నదిలో ఇద్దరు అన్నదమ్ముల వలలో కన్నోన్ విగ్రహం పడిందని, గుడి అలా మొదలైందని స్థలపురాణం. కన్నోన్ అంటే మరెవరో కాదు, మన అవలోకితేశ్వరుడే.

గుడి దగ్గరే 'ఒమికుజి' చీటీలు ఉంటాయి. 100 యెన్లు మనమే వేయాలి, అడిగేవాళ్లు ఉండరు. ఆరు పలకల స్టీలు డబ్బాని గలగలా ఊపితే చిన్న రంధ్రంలోంచి ఒక పుల్ల బయటికొస్తుంది. దాని మీద ఉన్న అంకె ఏ సొరుగు మీద ఉందో వెతుక్కుని, అందులోంచి ఒక కాగితం తీసుకోవాలి. చిన్నప్పుడు జాతరలో చూసిన చిలక జోస్యం గుర్తొచ్చింది. ఇక్కడ చిలక లేదు, ఆ పని మనమే చేయాలి!

ఈ వంద జోస్యాలు చైనా నుంచి వచ్చాయి. జపాన్‌లో వీటిని పదో శతాబ్దపు బౌద్ధ గురువు ర్యోగెన్ పేరుతో చెప్పుకుంటారు. వందలో 30 'క్యో', అంటే చెడ్డవి. భక్తులు బాధపడతారని ఇక్కడ ఆ లెక్క మార్చలేదు.

పుల్ల మీది అంకెలకి ఇంకా పాత కథ ఉంది. మూడు వేల ఏళ్లకు ముందే చైనాలో షాంగ్ రాజులు ఎద్దు ఎముకలు, తాబేటి చిప్పలు వేడి చేసి, వాటి మీద పడ్డ పగుళ్లని బట్టి జోస్యం చెప్పించేవాళ్లు. అడిగిన ప్రశ్నని ఆ ఎముక మీదే చెక్కేవాళ్లు. చైనాలో ఇప్పటిదాకా దొరికిన అతి పాత రాతల్లో అవే ముఖ్యమైనవి. ఈ సొరుగుల మీది అంకెలు ఆ లిపి వారసులే. ఇంతకీ రాజులు అడిగిందేంటి? వాన పడుతుందా, పంటి నొప్పి తగ్గుతుందా, రాణి కాన్పు సుఖంగా అవుతుందా. అంటే మన ఇళ్లల్లో ఉండే దిగుళ్లే.

నేనూ డబ్బా ఊపాను. సొరుగు తెరిచి చూస్తే, క్యో.

నూటికి ముప్పై ఛాన్స్. కోడ్ రాస్తే రెండు లైన్ల పని. అన్నీ తెలుసు, అయినా గుండె జారింది. కాగితం మీద ఇంగ్లీషులో కూడా ఉంది: కోరిక, జబ్బు, పోయిన వస్తువు, ప్రయాణం, పెళ్లి, ఇలా ఒక్కోదానికి ఒక్కో జవాబు. ఒకచోట ఆగిపోయాను. ఎదురుచూసే మనిషి రారట.

నేను ఎవరికోసం ఎదురుచూస్తున్నాను? ఎవరూ లేరు. నాకోసం చూసే మనిషే హన్మకొండలో, వాకర్ పట్టుకుని నడుస్తోంది. ఆ మాట అమ్మ చీటీలో వచ్చినట్టు అనిపించింది. రావాలా వద్దా అన్నది మాత్రం పుల్ల చేతిలో లేదు, నా చేతిలో ఉంది.

మంచి చీటీ వస్తే ఇంటికి తీసుకెళ్లొచ్చు. చెడ్డదైతే అక్కడి కమ్మీలకి ముడేసి వదిలేయాలి. అక్కడ అప్పటికే బోలెడు ముడులున్నాయి. పక్కన కాలేజీ అమ్మాయి ఒకామె నవ్వుతూ తనది కడుతోంది. నాదీ కట్టేశాను.

తిరుగు రైల్లోనే మేనేజర్‌కి మెసేజ్ పెట్టాను. రూంకి వచ్చాక అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, మార్చిలో వచ్చేస్తున్నా."

కాసేపు మాట లేదు. "ఏమైంది బిడ్డా, ఉద్యోగం గిట్ల పోయిందా?"

"లేదమ్మా, నేనే వస్తున్నా."

"అయితే టికెట్ ఇప్పుడే చూస్కో. మళ్ల పిరమైతయి."