జిల్లేడు మీద పులి!

ఖమ్మంలో విజయవాడ రైలెక్కితే మధిర దాటాక ఎర్రుపాలెం వస్తుంది. ఖమ్మం జిల్లాకు దక్షిణపు కొస ఇది. అవతల ఆంధ్రా. నాలుగు వానలు పడితే చాలు... ఇలాంటి ఊళ్లలో చేలగట్లూ బీళ్లూ పచ్చబడతాయి. ఆ గడ్డి మీద తాపీగా ఎగిరే నారింజ రంగు సీతాకోకచిలుకను చూడనివాళ్లుండరు. పేరే చాలామందికి తెలీదు. అది ప్లెయిన్ టైగర్!

నారింజ రెక్కలు, ముందు రెక్కల కొసన నలుపు, అందులో తెల్లటి పట్టీ... ఇవీ గుర్తులు. అయినా తొందరపడకూడదు. డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే మరో జాతిలో ఆడది అచ్చం ఇలాగే ఉంటుంది. తేడా వెనక రెక్కలో తెలుస్తుంది. టైగర్‌కి మధ్యలో మూడో నాలుగో నల్లచుక్కలుంటాయి. ఎగ్‌ఫ్లైకి పై అంచు దగ్గర ఒక్కటే.

ఎందుకీ వేషం? ఆ కథ జిల్లేడు మొక్క మీద మొదలవుతుంది. తల్లి టైగర్ ఆకు మీద ఒక్కో గుడ్డు పెడుతుంది. కొద్దిరోజులకు బయటికొచ్చిన పురుగు ముందు గుడ్డు పెంకునే తింటుంది. తర్వాత ఆకులు. ఒంటినిండా తెలుపు, నలుపు, పసుపు చారలు, వీపున మూడు జతల నల్లని కొమ్ములు... చూడగానే పోల్చుకోవచ్చు. ఆకు ఈనెల్ని ముందే కొరికి పాలధార తగ్గించుకుంటుంది. ఆ పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. నాలుగుసార్లు కుబుసం విడిచాక తలకిందులుగా వేలాడి ప్యూపా అవుతుంది. గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా సుమారు నెల రోజులు. రెక్కలొచ్చినా విషం పోదు. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ ఆ రంగు జోలికి రాదు. విషం లేని ఎగ్‌ఫ్లైకి ఆ రంగే రక్ష! దాని పురుగులు తినేది మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూరే మరి.

ఈ టైగర్ అందానికి ఈజిప్టువాళ్లు ఏనాడో ముచ్చటపడ్డారు. సుమారు 3,350 ఏళ్ల కిందట నెబామున్ అనే ఉద్యోగి సమాధి గోడ మీద దీని బొమ్మ వేశారు. ఆ చిత్రం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

తేనె కోసమైతే సీతాకోకచిలుక ఏ పువ్వు మీదైనా వాలుతుంది. గుడ్డు పెట్టాలంటే మాత్రం టైగర్‌కి జిల్లేడు కుటుంబం మొక్కలే కావాలి. గట్టు శుభ్రంగా ఉండాలని కలుపుమందు కొడితే జిల్లేడూ పోతుంది, గంగవాయిలీ పోతుంది. వాటితోపాటే ఈ రెండు సీతాకోకచిలుకలూ! అందుకే గట్టు మీద నాలుగు జిల్లేళ్లను బతకనిస్తే మంచిది. వినాయక చవితికి పత్రి కోసే పిల్లలు ఆకు తిప్పి చూస్తే చారల పురుగు కనిపించొచ్చు. పాలు కంట్లో పడకుండా జాగ్రత్తపడాలి. ఆ ఒక్క ఆకునూ మాత్రం కొయ్యకుండా వదిలేయాలి!