చవగ్గా వచ్చిన ఏనుగు, అరకు ఘాటు

ఐటీ వాళ్ళకి జ్వరాలు వంతులవారీగా వస్తుంటాయి. ప్లాట్ల జ్వరం, షేర్ల జ్వరం అయ్యాయి. ఇప్పుడు సెకండ్ హ్యాండ్ జర్మన్ కార్ల జ్వరం. కొత్తలో ఎవరో పెద్దాయన నలభై యాభై లక్షలు పోసి కొన్న బండి, పదేళ్ళు తిరిగేసరికి పది పన్నెండు లక్షలకి దొరుకుతోంది. అంటే షోరూములో కొత్త క్రెటా ధరకి బీఎండబ్ల్యూ 5 సిరీస్! లంచ్ టేబుల్ దగ్గర ఈ మాట వింటే ఎవరి కళ్ళు మెరవవు చెప్పండి?

మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి కదా, టీములో ఎవడు కారు కొన్నా ముందు నన్నే అడుగుతారు. అందరికీ నేను చెప్పేది ఒకటే. బండి ధర పాతబడుతుంది గానీ స్పేర్ పార్టు ధర పాతబడదు. పది లక్షలకి కొన్నా సరే, సర్వీస్ సెంటర్ వాడి లెక్కలో అది యాభై లక్షల కారే. ఏనుగు చచ్చినా బతికినా వెయ్యే అన్నారు కదా, ఇక్కడ ఆ వెయ్యి మనం కట్టాలి :)

ఇకపోతే టెస్ట్ డ్రైవ్. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వందలో వెళ్తే ఏ బండైనా వెన్నపూసలాగే ఉంటుంది. ఇంజిన్ మీద బరువు తక్కువ, రేడియేటర్‌కి గాలి ఎక్కువ. అసలు పరీక్ష పెట్టాలంటే మా వైజాగ్ వైపు ఎస్.కోట దాటి అరకు ఘాటు ఎక్కించాలి. అక్కడ లోడు ఎక్కువ, స్పీడు తక్కువ, లోపల ఏసీ ఫుల్లు. డిసెంబర్ వీకెండ్ అయితే ముందు బస్సు, వెనక లారీ, మధ్యలో మనం ఫస్టు గేరులో.

కొంచెం లెక్క చూద్దాం (భయపడకండి, ఇంటర్ ఫిజిక్సే). అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. కారు, ఐదుగురు మనుషులు, సామాను కలిపి 2,200 కిలోలు అనుకోండి. అంత బరువుని అంత ఎత్తుకి లేపడానికే దాదాపు 5.4 యూనిట్ల శక్తి కావాలి. రోడ్డు మధ్యలో అరకు కంటే పైకెక్కి దిగుతుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే. డీజిల్ ఇంజిన్ ఒక వంతు పని చేస్తే ఇంచుమించు రెండు వంతులు వేడిగా పోతుంది. అందులో కొంత సైలెన్సర్ గుండా పోయినా, చాలా భాగాన్ని మోయాల్సింది కూలెంటూ, ఆయిలూను. అంటే ఘాట్ రోడ్డు మీద కారుకి పరీక్ష హార్స్‌పవర్‌లో కాదు, నీళ్ళ పైపుల్లో.

సరిగ్గా అక్కడే పదేళ్ళ జర్మన్ బండి బలహీనంగా ఉంటుంది. కూలెంట్ ట్యాంకు, థర్మోస్టాట్ హౌసింగ్, పైపుల జాయింట్లు చాలావరకు ప్లాస్టిక్. పదేళ్ళు వేడెక్కి చల్లారి పెళుసెక్కిపోతాయి. బీఎండబ్ల్యూ ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్లు కొన్నింటిలో వాటర్ పంపే ఎలక్ట్రిక్. పోయేముందు కారదు, చప్పుడు చెయ్యదు, ఒక్కసారిగా ఆగుతుంది. ముల్లు ఎర్రగీత దాటాక కూడా "ఇంకొక్క మలుపేగా" అని తోలితే అల్యూమినియం హెడ్ వంగిపోతుంది. ఆ తర్వాత బిల్లు ముందుంది ముసళ్ళ పండగ.

ఒకసారి అనంతగిరి మలుపుల్లో ఇలాంటి నల్లటి పెద్ద కారొకటి పొగలు కక్కుతూ ఆగి ఉంది. పక్కనుంచి సంతకెళ్ళే జనంతో కిక్కిరిసిన పాత కమాండర్ జీపు నింపాదిగా ఎక్కిపోతోంది. జీపు డ్రైవరు ఆపి చూసి, "బండి పెద్దదే గానీ బాబూ, నీళ్ళు చూసుకోవాలి గదేటి?" అన్నాడు. ఎంత బాగా చెప్పాడు! ఆ జీపులో పైపు పగిలితే ఎస్.కోటలో ఏ షెడ్డులోనైనా సాయంత్రానికల్లా వేసేస్తారు. ఈ కారులో ఒక సెన్సర్ అలిగితే చాలు, లింప్ మోడ్‌లోకి పోతుంది. దాన్ని చదవాలంటే ల్యాప్‌టాపూ, సాఫ్ట్‌వేరూ కావాలి. అవి వైజాగ్‌లో ఉంటాయి. ఫోన్ చేద్దామంటే ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నలే ఉండదు.

ఇంజిన్ల సంగతికొస్తే, పేరున్న గొడవలు కొన్ని తెలుసుకుని వెళ్ళండి. 2007 నుంచి కొన్నేళ్ళపాటు 320డీ, 520డీల్లో వచ్చిన ఎన్47 డీజిల్‌కి టైమింగ్ చైన్ అరిగే జబ్బుంది. పైగా ఆ చైన్ ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైన్ ఖరీదు కంటే దాన్ని చేరుకునే ఖర్చే ఎక్కువ. తెగితే పిస్టన్లు వాల్వుల్ని గుద్దుతాయి. మెర్సిడెస్ ఓఎం651 డీజిల్‌కీ చైన్ వెనకే, మొదట్లో వచ్చిన వాటికి ఇంజెక్టర్ల గొడవ అదనం. ఆడి 2.0 టర్బో పెట్రోల్ ఈఏ888 రెండో తరం ఆయిల్ తాగుతుందని పేరు పడింది, కారణం పిస్టన్ రింగులు.

అలాగని ఇవి చెత్త ఇంజిన్లు కావు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఏడాదికోసారో, పదివేల కిలోమీటర్లకోసారో ఆయిల్ మార్చినవాళ్ళ దగ్గర చాలావాటికి ఏమీ కాలేదు. కంప్యూటర్ ఎర్రలైటు వేసేదాకా ఆగిన బండ్లతోనే తంటా. ఇదంతా డాక్యుమెంటేషన్ లేని పాత కోడ్ లాంటిది. పనిచేస్తోంది కదా అని తీసుకుంటాం, ఎందుకు పనిచేస్తోందో ఎవరికీ తెలియదు.

గేర్‌బాక్స్ ఇంకో కథ. జెడ్ఎఫ్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌లో ఆయిల్ "లైఫ్‌టైమ్" అంటారు కార్ల కంపెనీలవాళ్ళు. ఎవరి లైఫ్ అనేది చెప్పరు! తయారుచేసిన జెడ్ఎఫ్ వాళ్ళు మాత్రం 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటారు. మన చేతికొచ్చే బండి సరిగ్గా ఆ వయసులోనే ఉంటుంది.

దిగేటప్పుడు పైన చెప్పిన ఆ 5.4 యూనిట్లూ మళ్ళీ వేడిగా తిరిగొస్తాయి. గేరు కిందికి వేసి ఇంజిన్ మీద వదలకపోతే అదంతా బ్రేకుల మీదే. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి మార్చకపోతే వేడికి మరిగి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. ఇది డబ్బు విషయం కాదు, వెనక సీట్లో కూర్చున్న అమ్మానాన్నల విషయం. ఇంకోటి, రన్‌ఫ్లాట్ టైర్లున్న చాలా బీఎండబ్ల్యూల్లో స్టెప్నీ ఉండదు. టైరు అంచు చీలితే ఘాట్‌లో అంతే సంగతులు.

కొనేముందు నేను చేయించేవి ఇవి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మన ఎదుటే స్టార్ట్ చేయించాలి. మనం వెళ్ళేసరికే బానెట్ వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చెయ్యండి. మొదటి నిమిషంలో వెనకనుంచి గొలుసు ఈడ్చిన చప్పుడు వినిపిస్తే ఇంకో రోజు కూడా వెళ్ళక్కర్లేదు. ఛాసిస్ నంబర్‌తో సర్వీస్ చరిత్ర తీయించండి. స్కానర్‌తో మాడ్యూళ్ళన్నీ చదివిస్తే మీటర్ వెనక్కి తిప్పిన బండి చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది. తర్వాత నలుగురిని ఎక్కించుకుని ఏసీ వేసి ఏదైనా కొండ ఎక్కించండి. వైజాగ్‌లో సింహాచలం కొండ ఉండనే ఉంది. పైన పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి టెంపరేచర్ చూడండి. మర్నాడు చల్లారాక కూలెంట్ గీత ఎక్కడుందో చూడండి. ఢిల్లీ బండి అయితే ఎన్‌వోసీ, మన దగ్గర కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కూడా ధరలో కలుపుకోండి.

మా టీములో ఒకతను 2013 మోడల్ 520డీ చూసుకుని, చేతిలో ఉన్న పదకొండు లక్షలూ దానికే పెడతానన్నాడు. సంక్రాంతికి అమ్మానాన్నల్ని అరకు తీసుకెళ్ళాలని. కోరికలో తప్పేముంది? పల్లెటూళ్ళో బస్సు కోసం గంటలు నిలబడ్డ వాళ్ళని అలాంటి సీట్లో కూర్చోబెట్టాలని ఎవరికుండదు? నేనన్నది ఒక్కటే, "పదకొండు ఉంటే ఎనిమిది లక్షల బండి చూడు. మిగతా మూడూ బండివే, నీవి కావు." నచ్చలేదు అతనికి. ఎనిమిదికి 5 సిరీస్ రాదుట, చిన్నది వస్తుందిట!

కానీ మన ఉద్యోగాల పరిస్థితి తెలిసిందే కదండీ. రేపు మెయిలొచ్చి జీతం ఆగిన నెలలోనే చైన్ చప్పుడు చేస్తే, ఆ బండిని బాగు చేయించలేం, పాడైన బండిని అమ్మలేం. ఏనుగుని కొనగలిగామా అన్నది ప్రశ్న కాదు, ఏడాదిపాటు మేపగలమా అన్నదే. మేపగలిగితే నిశ్చింతగా కొనుక్కోండి, చాలా మంచి బండ్లవి. లేదంటే వైజాగ్‌లో ఇన్నోవా మాట్లాడుకోండి. సుంకరమెట్ట దగ్గర ఆపి తాగే కాఫీ ఏ కారులోంచి దిగి తాగినా ఒకలాగే ఉంటుంది.