గింజలోని పప్పు

ఈ సంవత్సరము మా పాఠశాలలో కొందరము, సాయంకాలపు గంట కొట్టిన పిమ్మట, ఒక పాత కంప్యూటరును ముందుంచుకొని చిన్న కర్నెలును వ్రాయుచున్నాము. ఆ ఆంగ్లపదమునకు గింజలోని పప్పని యర్థము. మెమరీని, కీబోర్డును, డిస్కును, తెరను తన యధీనమున నుంచుకొని తక్కిన ప్రోగ్రాములకు వలసినంత పంచిపెట్టునది గావున ఆ పేరు తగియున్నది. మన చిరాగ్‌పల్లి సరిహద్దున లారీల నాపి కాగితములు చూచుచుండిన చెక్‌పోస్టు నెరుగనివారు లేరు గదా! పెద్ద కర్నెళ్లు అట్టి పనియే చేయును. మాది యింకను పసిది, ఎవరిని నిలుపనేరదు.

“ఇది పదవ తరగతి పరీక్షకు వచ్చునా?” యని మా తండ్రులు కొందరడిగిరి. రాదు. లెక్కల అభ్యాసమునకు గాని, పొలము పనికి గాని చెందవలసిన గంట యిచ్చట వ్యయమగుచున్నదను మాటయు నిజమే. మాకు తోచిన సమాధాన మిది. 1991వ సంవత్సరమున హెల్సింకీ విశ్వవిద్యాలయమున చదువుచుండిన లైనస్ టోర్వాల్డ్స్, ఇరువదియొక్క యేండ్లవాడు, తన కంప్యూటరు కొరకొక కర్నెలు వ్రాసి దాని మూలమును ఎల్లరకు చూపెను. 1992లో అది జి.పి.యల్. అను అనుమతి క్రిందికి వచ్చినది. అనగా ఎవరైనను దానిని చదువవచ్చును, మార్పవచ్చును, పంచవచ్చును. తండ్రులారా, మీ జేబులలోని ఆండ్రాయిడ్ ఫోనుల నడుగున నున్నది ఆ లినక్సు కర్నెలే. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టమును వెలువరింపగలుగుటయు, మేము వానిని చూచి నేర్చుకొనుటయు ఆ మూలము తెరచియుండుటచేతనే.

మీట నొక్కినంతనే మా పాత యంత్రము డిస్కుయొక్క మొదటి 512 బైట్లను చదువును. వానిలో చివరి రెండు గుర్తునకే పోవును. మిగిలిన 510 బైట్లలో, యూనికోడు లెక్కన, ఒక ఉత్పలమాల పద్యము పట్టుటయే కష్టము! అందుచేత ఆ కొద్దిచోటి ప్రోగ్రాము తక్కిన భాగమును డిస్కునుండి పిలుచుకొని వచ్చును.

తొలి మాట తెలుగుననే కనబడవలెనని మా పట్టుదల. యంత్రమునందు పుట్టుకతో నున్న 256 అక్షర రూపములలో తెలుగు లేదు. తెరను అడ్డముగ 320, నిలువుగ 200 చుక్కలుగా మార్చి, గళ్ల కాగితముపై పదునారు వరుసలలో ఒక్కొక్క అక్షరమును గీచితిమి. అక్షరమునకు 32 బైట్లు. ఇంట ముగ్గులు వేయు బాలికలు ఈ పనిలో మమ్ము మించిపోయిరి. తరువాత ఒత్తులు వచ్చినవి. యూనికోడులో తెలుగునకు 128 స్థానములు గలవు గాని ఒత్తులకు వేరు స్థానములు లేవు. హల్లు, పొల్లు, మరల హల్లు కనబడినచో రెండవదానిని క్రింద వ్రాయవలెనని కర్నెలే గ్రహింపవలెను. ఆ పట్టికలో తెలుగు ముగిసిన వెంటనే కన్నడ మారంభమగును, మన యూరివలెనే. మాలో కన్నడము మాటలాడువారు తమ వంతు ఎప్పుడని యప్పుడే అడుగుచున్నారు.

తల్లిదండ్రులు వచ్చిన దినమున తెరపై “అమ్మ” యను మాట నిలిచినది. ఎన్నడును కంప్యూటరును ముట్టని యొక తల్లి దానిని కూడబలుకుకొని చదివి, “ఇందులో కందుల ధర పడునా?” యని అడిగెను. ఇప్పటికి పడదు. ఆ ప్రశ్నను మా నోటుపుస్తకము మొదటి పుటలో వ్రాసియుంచితిమి.

మూలమంతయు అదే జి.పి.యల్. అనుమతితో క్రింది తరగతివారికి అప్పగించుచున్నాము. వారికి “క్ష” మిగిలియున్నది.