అమ్ముగూడ బలరామ్

గుంటూరులో రైలెక్కి సత్తెనపల్లి దాటితే కిటికీకి రెండువైపులా పత్తి చేలు, కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. ఆ ఘాటు పిడుగురాళ్ల దాకా ముక్కును వదలదు. ఓ కళ్ళం పక్కన పిల్లలు బంతి తన్నుతున్నారు. నేను వెళుతున్నదీ బంతి కోసమే. సికింద్రాబాదు పక్కనున్న అమ్ముగూడకు.

తులసీదాస్ బలరామ్ 1936లో పుట్టిన చోటది. లేమిలో పెరిగిన ఆ కుర్రవాణ్ణి హైదరాబాదు గురువు సయ్యద్ అబ్దుల్ రహీమ్ చేరదీశాడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో మనకు నాలుగో స్థానం వచ్చినప్పుడు బలరామ్ ఆ జట్టువాడే. 1960లో రోమ్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోలు కొట్టాడు. 1962లో జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మనవాళ్ళు ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చారు. అప్పటికే రహీమ్‌ను క్యాన్సరు తినేస్తోంది. మరుసటేడు జూనులో పోయాడు. అదే ఏడు బలరామ్ కూడా జబ్బుపడి, ముప్పై నిండకుండానే ఆట మానుకున్నాడు. బెంగాలులోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశాడు.

అమ్ముగూడలో బంతాడే పిల్లల్ని బలరామ్ ఎవరని అడిగాను. మొహాలు చూసుకున్నారు. చెప్పాను. ఓ బుడతడు, "మా అమ్ముగూడేనా సార్?" అన్నాడు.

"మీదే నాయనా!" అన్నాను. వాడు బంతిని మళ్ళీ తన్నాడు, ఈసారి కాస్త గట్టిగా.