నార్త్ ప్లాట్ వెంట, గడ్డి దారిన

నెబ్రాస్కాలో ఒగలాలా దగ్గర 26వ నంబరు హైవే ఎక్కితే వయోమింగ్ దాకా నార్త్ ప్లాట్ నది తోడుంటుంది. నది కొలరాడో కొండల్లో పుట్టి, ఉత్తరాన వయోమింగ్‌లోకి వెళ్లి, అక్కడ మలుపు తిరిగి కిందికి దిగుతుంది. మనం దానికి ఎదురు పోతాం. ఇసుక తిన్నెల మధ్య పాయలు పాయలుగా పారే ఈ పలచని నీళ్లు పడవలకు పనికిరాలేదు. 1840ల నుంచి ఒరెగాన్‌కూ కాలిఫోర్నియాకూ బండ్లు కట్టుకుని పోయినవాళ్లకు కావలసింది దాని గట్టే. అక్కడ చదును నేల ఉంది, ఎద్దులకు నీరు ఉంది, మేత ఉంది. ఈ దారి కథంతా ఆ మేత చుట్టూనే తిరుగుతుందని నాకనిపిస్తుంది.

ఎదురు ప్రయాణంలో ఒక చిక్కుంది. ప్రతీకారం ముందు వస్తుంది, దాని కారణం వెనక వస్తుంది. యాష్ హాలోకు ఎదురుగా, నదికి ఆవలి వైపున బ్లూ వాటర్ వాగు ఉంది. 1855 సెప్టెంబరు 3న జనరల్ హార్నీ సైన్యం అక్కడి బ్రూలే లకోటా ఆదివాసీల గూడెం మీద పడింది. చనిపోయిన 86 మందిలో ఆడవాళ్లూ పిల్లలూ ఎందరో. ఎందుకు పడిందో తెలియాలంటే ఇంకా పడమటికి పోవాలి.

చిమ్నీ రాక్, స్కాట్స్ బ్లఫ్ ఫొటోలకు బాగుంటాయి. వాటిని దాటాక వచ్చే హార్స్ క్రీక్ దగ్గర ఆగేవాళ్లు తక్కువ. నేనైతే అక్కడే ఎక్కువసేపు ఉండమంటాను. 1851లో ప్రభుత్వం మైదానాల తెగల్ని ఫోర్ట్ లారమీకి పిలిచింది. దాదాపు 10,000 మంది గుర్రాలతో సహా వస్తే, కోట చుట్టూ వాటికి చాలినంత గడ్డి లేదు. సభను ముప్పై మైళ్లకు పైగా దిగువకు, ఈ వాగు దగ్గరికి మార్చారు. బాటలకూ సైనిక స్థావరాలకూ ఒప్పుకుంటే ఏటా 50,000 డాలర్ల సరుకు, 50 ఏళ్లపాటు ఇస్తామన్నారు. సంతకాలయ్యాక సెనేట్ ఆ 50 ఏళ్లను 10కి కుదించింది. లకోటాలందరికీ పెద్దగా కాంకరింగ్ బేర్ అనే బ్రూలే నాయకుణ్ణి ప్రభుత్వమే ఎంచింది.

మూడేళ్లు తిరక్కుండానే, 1854 ఆగస్టులో, బిడారులో వెనకబడ్డ ఒక ఆవును అతని గూడెంలో విడిదికొచ్చిన ఒకతను చంపాడు. బదులుగా గుర్రం ఇస్తానన్నాడు కాంకరింగ్ బేర్. కోటలోని లెఫ్టినెంట్ గ్రాటన్ వినలేదు. 29 మంది సైనికులతో, రెండు ఫిరంగులతో వెళ్లి కాల్పులకు దిగాడు. ప్రభుత్వం ఎంచిన పెద్ద ప్రభుత్వ సైనికుల తూటాలకే పడ్డాడు. గ్రాటనూ సైనికులూ దుబాసీతో సహా హతమయ్యారు. హార్నీ వచ్చింది అందుకే.

ఆ కాల్పులు జరిగిన చోటు దాటి కొన్ని మైళ్లు పోతే ఫోర్ట్ లారమీ. గోల్కొండను మనసులో పెట్టుకుని వెళ్తే వెలితిగా ఉంటుంది. బురుజుల్లేవు, ప్రహరీ లేదు. 1834లో తోళ్ల వ్యాపారుల కొట్టుగా మొదలైన దీన్ని 1849లో సైన్యం 4,000 డాలర్లకు కొంది. కవాతు మైదానం చుట్టూ తెల్లని చెక్క మేడలు, బారకాసులు, మొండిగోడల ఆసుపత్రి. అధికారుల బసగా కట్టిన ఓల్డ్ బెడ్లం అన్నిటికన్నా పాతది, 1849 నాటిది. దాని తీరైన వరండాలో నిలబడితే ఇది సైన్యపు ఇల్లంటే నమ్మబుద్ధి కాదు. 1868లో బ్లాక్ హిల్స్ కొండలు లకోటాలవేనని రాసుకున్న ఒప్పందానికి ఈ కోట పేరే. 1874లో ఆ కొండల్లో బంగారం బయటపడింది, 1877కల్లా కొండలు పోయాయి. 1980లో సుప్రీంకోర్టు 10 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖాయం చేసినా, లకోటాలు ఇప్పటికీ ఆ డబ్బు ముట్టలేదు. వాళ్లడిగేది కొండల్నే.

కోట చూడటానికి పూట చాలకపోతే మేడలు కొన్ని వదిలేయండి. పడమటగా గర్న్సీ దగ్గర ఇసుకరాతి గుట్ట మీద బండ్లు కోసిన గాళ్లు ఉన్నాయి, ఐదడుగుల లోతు దాకా. సైన్యం కాపలా కాసింది వాటికే కనుక, వాటిని మాత్రం వదలొద్దు.